వరయాడు, రాతిపువ్వు: పర్వతసీమలోని రెండు జీవనవిధానాల తులనాత్మక పరిశీలన

వ్యవసాయ, పశుపోషణ శాస్త్రాలలో తులనాత్మక అధ్యయనం అనగానే ఒక జాతి గొర్రెను మరొక జాతి గొర్రెతోనో, ఒక వంగడాన్ని మరొక వంగడంతోనో పోల్చడం పరిపాటి. పోల్చదగినవాటినే పోల్చవలెనన్న నియమం సబబైనదే. అయితే పోలికకు వంశ సామీప్యమో, శరీర నిర్మాణమో మాత్రమే ఆధారం కానవసరం లేదు. నివాసం, పోషణ, పునరుత్పత్తి వేగం, మానవ వినియోగపు ఒత్తిడి అనే కోణాలనుండి చూచినప్పుడు ఎంతో దూరపు జీవులు కూడా ఒకదానిని మరొకటి అర్థమయ్యేట్లు చేయగలవు. ఆ ఉద్దేశంతోనే పశ్చిమ కనుమల ఎత్తైన గడ్డిభూములలో సంచరించే నీలగిరి వరయాడును, అదే కనుమలలో బండలపైన, చెట్ల బెరడుపైన పెరిగే రాతిపువ్వు అనే లైకెన్‌ను ఈ వ్యాసంలో పక్కపక్కన ఉంచి పరిశీలించడం జరిగింది.

ఈ రెండింటిలో మొదటిది చట్టరక్షణ కలిగిన వన్యమృగం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో దానికి స్థానమున్నది. తమిళనాడు రాష్ట్ర జంతువుగా దానికి గౌరవమున్నది. రెండవది పచారీ కొట్టులో దాల్చినచెక్క, జాపత్రి పక్కన గ్రాముల లెక్కన అమ్ముడయ్యే సుగంధద్రవ్యం. హైదరాబాదు బిర్యానీలోను, గరం మసాలాలోను దానిని నూరి కలిపే వంటవారిలో అది సజీవ పదార్థంగా ఒకనాడు ఏ చెట్టు మీదనో కొన్ని సంవత్సరాలు పెరిగిందని తెలిసినవారు తక్కువ. రక్షణలో ఇంతటి వ్యత్యాసమున్న ఈ రెండు జీవులూ నష్టపోతే తిరిగి కోలుకోవడంలో మాత్రం ఇంచుమించు ఒకే రకమైన మందగతి కలవి.

పేర్ల విషయం

రెండింటి పేర్లూ తప్పుదారి పట్టించేవే. తమిళ, మలయాళ భాషలలో ఆడు అంటే మేక. వరయాడు అంటే కొండచరియల మేక అని అర్థం. ఆంగ్లేయులు దీనిని తార్ అని పిలిచి హిమాలయాలలోని తార్‌తోను, అరేబియాలోని తార్‌తోను ఒకే ప్రజాతిలో చేర్చారు. 1838లో ఓగిల్బీ ఈ జంతువును వర్ణించిన నాటినుండి చాలాకాలం ఆ వర్గీకరణమే, స్వల్ప మార్పులతో, కొనసాగింది. 2005లో రోపికే, హస్సానిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్షల ద్వారా మూడు తార్‌లూ మూడు వేర్వేరు శాఖలకు చెందినవని నిరూపించారు. హిమాలయ తార్ మేకల ప్రజాతికి దగ్గరది. నీలగిరి తార్‌కు మాత్రం అత్యంత సమీప బంధువులు గొర్రెలు. అందుచేత దానికి నీలగిరిట్రాగస్ హైలోక్రియస్ అని కొత్త ప్రజాతినామం ఏర్పడింది. చూపుకు మేక, వంశానికి గొర్రె చుట్టమన్నమాట.

రాతిపువ్వు పేరులో రెండు పదాలూ అసత్యమే. అది పువ్వు కాదు. రాతి మీదనే కాక చెట్ల బెరడు మీద కూడా విరివిగా పెరుగుతుంది. దీనినే తమిళులు కల్పాసి అని, మరాఠీలు దగడ్ ఫూల్ అని, హిందీవారు పత్థర్ కే ఫూల్ అని అంటారు. శాస్త్రీయంగా ఈ పేరుకు ప్రధానంగా చెప్పబడేది పార్మోట్రీమా పెర్లాటం. అయితే అంగడి సరకును పరిశీలించినవారికి తెలిసే విషయమేమనగా, ఒకే సంచిలో పార్మోట్రీమాలోని పలు జాతులు, ఎవర్నియాస్ట్రం, హెటరోడెర్మియా వంటివి కలగలిసి ఉంటాయి. పైభాగం బూడిద రంగులోను, అడుగుభాగం నల్లగాను, ఆకువంటి తమ్మెల అంచున నల్లని సన్నని వెంట్రుకల వంటి నిర్మాణాలతోను, తెల్లని పొడివంటి అంచుతోను ఉన్నది పెర్లాటం కావచ్చునని గుర్తించవచ్చు. అంచున పొడి లేక ఉపరితలంపై సూక్ష్మమైన మొటికల వంటి ఐసిడియాలు ఉన్నచో అది టింక్టోరం వంటి మరొక జాతి కావచ్చు. ఈ పొడికి గల ప్రాముఖ్యం పునరుత్పత్తిని గురించి చెప్పే చోట తెలుస్తుంది.

ఒక్కటిగా కనిపించే సమూహాలు

ఈ పోలికకు అసలు ఆధారం ఇదే. లైకెన్ ఒక మొక్క కాదు. శిలీంధ్రం, శైవలం కలిసి నిర్మించుకున్న ఉమ్మడి శరీరం అది. స్విట్జర్లాండుకు చెందిన సైమన్ ష్వెండనర్ 1867 నుండి 1869 వరకు ఈ విషయాన్ని ప్రకటించినప్పుడు నాటి లైకెన్ శాస్త్రవేత్తలు చాలామంది అంగీకరించలేదు. తాము జీవితకాలమంతా జాతులుగా వర్గీకరించినవి ఏక జీవులే కావనడం వారికి రుచించకపోవడంలో ఆశ్చర్యం లేదు. 1879లో డి బారీ సహజీవనం అన్న భావనకు శాస్త్రీయ నామకరణం చేసినప్పుడు అతని ముందున్న ముఖ్య ఉదాహరణలలో లైకెన్ ఒకటి. రాతిపువ్వులో శిలీంధ్రం ఆస్కోమైసీట్ తరగతికి చెందినది, శైవలం ట్రెబౌక్సియా అనే ఏకకణ ఆకుపచ్చ శైవలం. 2016లో స్ప్రిబిల్ బృందం అనేక లైకెన్ల పై పొరలో బెసిడియోమైసీట్ ఈస్టులు కూడా ఉన్నట్లు చూపిన తరువాత ఇద్దరు భాగస్వాముల పాఠం కూడా సరళీకరణమేనని తేలింది.

విద్యార్థులు సాధారణంగా ఇక్కడ ఆగిపోతారు. లైకెన్ విచిత్రమైన మినహాయింపు అని నమోదు చేసుకుంటారు. వరయాడును పక్కన ఉంచడం ఇక్కడ ఉపయోగపడుతుంది. నెమరువేసే ఏ జంతువు వలెనే వరయాడు కూడా గడ్డిలోని సెల్యులోజును స్వయంగా జీర్ణించుకోలేదు. ఆ పనిచేసే ఎంజైము దాని శరీరంలో తయారు కాదు. ప్రథమ జీర్ణాశయమైన రూమెన్‌లో, సుమారు 39 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో, ప్రాణవాయువు దాదాపు లేని చోట, ప్రతి మిల్లీలీటరుకు వెయ్యి కోట్ల దాకా ఉండే బాక్టీరియాలు, వాటితోపాటు ప్రోటోజోవాలు, శిలీంధ్రాలు ఆ పని చేస్తాయి. వాటి కిణ్వన ప్రక్రియలో వెలువడే అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే అస్థిర కొవ్వు ఆమ్లాల నుండే నెమరువేసే జంతువుకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం లభిస్తుంది.

రూమెన్‌లో శిలీంధ్రాలున్నాయన్న సంగతి కూడా ఆలస్యంగానే అంగీకరించబడింది. ప్రాణవాయువు లేనిచోట శిలీంధ్రం జీవించదన్న నమ్మకం వలన, గొర్రె రూమెన్ ద్రవంలో ఈదుతూ కనిపించే కశాభయుత కణాలను చాలాకాలం ప్రోటోజోవాలుగానే భావించారు. 1975లో ఓర్పిన్ అవి నియోకాలిమాస్టిక్స్ అనే శిలీంధ్రపు చలన సిద్ధబీజాలని గుర్తించాడు. ఈ శిలీంధ్రం ముతక గడ్డి కాండంలోకి చొచ్చుకొనిపోయి దానిని బలహీనపరుస్తుంది. తరువాత బాక్టీరియాకు పని సులభమవుతుంది. కొండ మీది వరయాడు పొట్టలోనైనా, మైదానంలో వరిగడ్డి నమిలే గొర్రె పొట్టలోనైనా సూత్రం ఒక్కటే.

పోషకం చేతులు మారే విధానాన్ని గమనిస్తే పోలిక ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ తెగుతుందో స్పష్టమవుతుంది. లైకెన్‌లోని ట్రెబౌక్సియా కిరణజన్య సంయోగక్రియ ద్వారా తయారైన కార్బన్‌ను రైబిటాల్ అనే చక్కెర ఆల్కహాలు రూపంలో శిలీంధ్రానికి విడిచిపెడుతుంది. శిలీంధ్రం దానిని మానిటాల్‌గా మార్చి నిలువ చేసుకుంటుంది. నీలి ఆకుపచ్చ శైవలం భాగస్వామిగా ఉన్న లైకెన్లలో రైబిటాల్‌కు బదులు గ్లూకోజు చేతులు మారుతుంది. రైబిటాల్ శిలీంధ్రానికి ఎటువంటిదో, రూమెన్‌లోని అస్థిర కొవ్వు ఆమ్లాలు వరయాడుకు అటువంటివి. రెండు చోట్లా పెద్ద భాగస్వామి ఇల్లు కట్టి ఇస్తుంది, చిన్న భాగస్వామి వంట చేస్తుంది. తేడా ఏమంటే, లైకెన్ శిలీంధ్రం తన వంటవాడిని సాధారణంగా తినదు. నెమరువేసే జంతువు తింటుంది. రూమెన్ నుండి ముందుకు ప్రవహించే సూక్ష్మజీవులు నాలుగవ జీర్ణాశయంలో జీర్ణమై జంతువుకు మాంసకృత్తుల ప్రధాన వనరు అవుతాయి. తక్కువ నత్రజని గల ముదురు గడ్డి మీద కూడా జంతువు బ్రతకగలగడానికి ఇది ఒక కారణం. ష్వెండనర్ శిలీంధ్రాన్ని యజమానిగా, శైవలాన్ని బానిసగా వర్ణించాడు. ఆ ఉపమానం లైకెన్ కంటే రూమెన్‌కే ఎక్కువ నప్పుతుందనిపిస్తుంది.

ఇవ్వబడే ఇల్లు కూడా వేరు. రూమెన్ చీకటి గది, ఉష్ణోగ్రత మారనిది, రోజుకు రెండు మూడు మార్లు మేత వచ్చి పడేది. లైకెన్ పై పొర ఎండ తగిలే కప్పు. రాతిపువ్వు పై పొరలోని అట్రనోరిన్ అనే పదార్థం అధిక కాంతినుండి లోపలి శైవల పొరకు రక్షణ కల్పించే వాటిలో ఒకటి. శైవలానికి వెలుతురు కావాలి కాని మండుటెండ పనికిరాదు.

ఈ రెండు సమూహాలూ ఎదురుపడే సందర్భం కూడా ప్రకృతిలో కలదు. వరయాడు ప్రధానంగా గడ్డి మేసేది. కాని హిమాలయాల కస్తూరి మృగం, ఉత్తర ధ్రువ ప్రాంతపు రెయిన్‌డీర్ చలికాలంలో లైకెన్ల మీద ఎక్కువగా ఆధారపడతాయి. లైకెన్లలోని యూస్నిక్ ఆమ్లం అనేక సూక్ష్మజీవులకు విషం. రెయిన్‌డీర్ రూమెన్‌లోని సూక్ష్మజీవులు దానిని విచ్ఛిన్నం చేయగలవని పరిశోధనలు చూపాయి. ఆ అలవాటు లేని రూమెన్‌కు అదే మేత ప్రాణాంతకం. 2004 శీతకాలంలో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో నేల మీద పెరిగే ఒక జాంథోపార్మీలియా లైకెన్‌ను మేసి 300కు పైగా ఎల్క్ దుప్పులు కాళ్ళు పడిపోయి మరణించాయి. మేత మార్పు జంతువుకు కాదు, దాని పొట్టలోని సమూహానికి అలవాటు కావాలన్న పశుపోషణ పాఠానికి ఇంతకంటే కఠినమైన ఉదాహరణ దొరకదు.

నీరు, చలి, ఋతువు

శరీర ఉష్ణోగ్రతను, నీటిశాతాన్ని నిలకడగా ఉంచుకోవడం వరయాడు పద్ధతి. అందుకు నిత్యం మేత కావాలి, నీడ కావాలి, కదలిక కావాలి. తెల్లవారుజామున, సాయంకాలం గడ్డిలో మేయడం, మధ్యాహ్నం కొండచరియల అంచుల మీద విశ్రమించడం దాని దినచర్య. చిరుత, పులి, అడవి కుక్కల నుండి తప్పించుకునే చోటు కూడా ఆ చరియే. గిట్టల గట్టి అంచు, మధ్యన మెత్తని రబ్బరు వంటి మెత్త దానికి అక్కడ పట్టునిస్తాయి.

లైకెన్‌ది పూర్తిగా విరుద్ధమైన మార్గం. దానికి వేళ్ళు లేవు, నీటిని ఆపే మైనపు పొర లేదు, రంధ్రాలను మూసి తెరిచే ఏర్పాటు లేదు. గాలిలో తేమ ఎంతో దానిలో తేమ అంత. ఎండు బరువులో నీటిశాతం 10, 15 వరకు పడిపోయినా అది చావదు, ఊరకనే ఆగిపోతుంది. తడి తగిలిన కొద్ది నిమిషాలలో శ్వాసక్రియ, ఆపై కిరణజన్య సంయోగక్రియ తిరిగి మొదలవుతాయి. ఆకుపచ్చ శైవలం గల లైకెన్లకు మంచు తేమ, పొగమంచు ఉన్న గాలి మాత్రమే చాలును; నీలి ఆకుపచ్చ శైవలం గలవాటికి ద్రవరూపంలో నీరు తప్పదు. జర్మన్ శాస్త్రవేత్త లాంగే, అతని సహచరులు నిర్ధారించిన ఈ వ్యత్యాసం పొగమంచు కొండలలో ఏ లైకెన్ ఎక్కడ పెరుగుతుందో తెలుసుకోవడానికి ఎంతో ఉపకరిస్తుంది.

వానాకాలమంతా లైకెన్ జోరుగా పెరుగుతుందన్న ఊహ సహజమే కాని సరికాదు. తాలస్ పూర్తిగా నానిపోయినప్పుడు కార్బన్ డయాక్సైడ్ లోపలికి చొరబడటం కష్టమై ఆహారోత్పత్తి తగ్గుతుంది. ఎడతెగని నైఋతి వర్షాలలో కంటే, తడి ఆరుతూ ఉండే ఉదయపు వేళలలో అది ఎక్కువ సంపాదిస్తుంది. వరయాడుకు ఆ వర్షాలే ఎద కాలం. జూన్ నుండి ఆగస్టు వరకు జత కట్టడం, సుమారు ఆరు నెలల చూలు, జనవరి ఫిబ్రవరి ప్రాంతంలో ఈనడం జరుగుతాయి. ఇరవికుళం జాతీయోద్యానంలో పిల్లలు పుట్టే కాలంలో రాజమల ప్రాంతానికి సందర్శకులను అనుమతించరు.

సంతతి, వారసత్వం

లైకెన్ సంతానోత్పత్తిలో ఒక చిక్కు ఉన్నది. లైంగిక పునరుత్పత్తిలో ఏర్పడే ఆస్కో సిద్ధబీజం శిలీంధ్రానిది మాత్రమే. గాలిలో కొట్టుకొనిపోయి ఎక్కడో పడిన ఆ బీజం మొలకెత్తి, తగిన శైవలం దొరికితేనే లైకెన్ కాగలదు. ట్రెబౌక్సియా స్వేచ్ఛగా తిరుగుతూ దొరకడం అరుదు. ఈ చిక్కును దాటడానికే పెర్లాటం అంచున తెల్లని పొడి ఏర్పడుతుంది. సోరీడియా అనబడే ఆ పొడిలోని ప్రతి రేణువులోను కొన్ని శైవల కణాలు, వాటిని చుట్టిన శిలీంధ్ర తంతువులు కలిసే ఉంటాయి. వాన చినుకు తాకిడికి, గాలికి, పురుగు కాళ్ళకు అంటుకొని అవి ప్రయాణిస్తాయి. పెళ్ళి సంబంధం వెదకనక్కరలేకుండా సంసారమే మూటగట్టి పంపినట్లు.

వరయాడు పిల్ల పుట్టినప్పుడు ఒంటరి బీజం వంటిదే. దాని రూమెన్ అప్పటికి పని చేయదు. తల్లి నాకడం, తల్లి నోట నమిలిన గడ్డిని ముట్టడం, మంద మేసిన చోటనే మేయడం ద్వారా సూక్ష్మజీవులు దానిలోకి చేరుతాయి. గొర్రె, మేక పిల్లలలో ఆరు నుండి ఎనిమిది వారాల నాటికి రూమెన్ చెప్పుకోదగినంతగా పని మొదలుపెడుతుంది. సీలియేట్ ప్రోటోజోవాలు మరొక జంతువు సంపర్కం లేనిదే చేరవు. పుట్టిన వెంటనే వేరుచేసి పెంచిన దూడల రూమెన్‌లో అవి కనబడకపోవడం ఎన్నో ప్రయోగాలలో రుజువైంది. లైకెన్ తన భాగస్వామిని పొడిలో పంపితే, గొర్రె మేకల జాతి తన భాగస్వాములను మందలోనే ఉంచి పిల్లకు అందిస్తుంది. కృత్రిమ పాలపై పిల్లలను పెంచే పద్ధతులను ప్రచారం చేసే విస్తరణ శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని రైతుకు చెప్పడం అవసరం. పిల్లలను పూర్తిగా ఏకాంతంలో ఉంచడం రోగాలను తగ్గించవచ్చు గాని, వారసత్వాన్ని కూడా ఆపివేస్తుంది. ఆరోగ్యమైన పెద్ద జంతువులతో కొంత సంపర్కం, రెండవ వారం నుండే లేత గడ్డి అందుబాటు రెండూ ఉండాలి.

సంఖ్య విషయంలో వరయాడు పొదుపరి. ఒక ఈతకు సాధారణంగా ఒకే పిల్ల, అందులోను మొదటి సంవత్సరంలో మరణాలు ఎక్కువ. రాతిపువ్వు సోరీడియాలను లెక్కలేనన్ని వెదజల్లుతుంది, కాని నిలదొక్కుకున్న ప్రతిదీ మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతుంది. ఒకరిది తక్కువ సంతానం, ఇంకొకరిది నెమ్మది పెరుగుదల. మందగతికి కారణాలు వేరైనా ఫలితం ఒక్కటే.

వయస్సు, లెక్కింపు

వరయాడు కొమ్ముపై ఏటేటా ఏర్పడే వలయాలను లెక్కించి వయస్సు చెప్పవచ్చు. బండకు అతుక్కుని పెరిగే కొన్ని లైకెన్లలో వ్యాసమే వయస్సుకు సూచిక. 1950 దశకంలో ఆస్ట్రియాకు చెందిన బెషెల్ ఈ సూత్రంపై హిమానీనదాలు వెనుకకు తగ్గిన కాలాన్ని అంచనా వేసే పద్ధతిని రూపొందించాడు. ఆకు రూపంలో ఉండే రాతిపువ్వుకు ఇది అంతగా పనికిరాదు; దాని మధ్యభాగం ముసలిదై రాలిపోతుంది, పక్క తాలస్‌లతో కలిసిపోతుంది. ఒక్క జీవి ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో తేల్చడమే కష్టం. అందువలన లైకెన్ సర్వేలలో తలల లెక్క కాక, నిర్దిష్ట చతురస్రంలో ఆక్రమించిన విస్తీర్ణాన్ని, కనిపించిన తరచుదనాన్ని నమోదు చేస్తారు.

వరయాడు తలల లెక్క సులభమని భ్రమపడరాదు. 1969లో జార్జ్ షాలర్, 1970 దశకంలో ఇ.ఆర్.సి. డేవిడార్ చేసిన సర్వేలు ఈ జంతువు గురించిన ఆధునిక అవగాహనకు పునాదులు. 2015లో డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. ఇండియా ప్రచురించిన అంచనా 3,122. తమిళనాడు చేపట్టిన ఏకకాల గణనలో 2024లో 1,031, మరుసటి సంవత్సరం 1,303 జంతువులు నమోదయ్యాయి. అంటే ఒక్క ఏడాదిలో 26 శాతానికి పైగా పెరుగుదల. ఒక ఈతకు ఒక్క పిల్ల, అధిక శిశు మరణాలు గల జాతిలో ఇంతటి పెరుగుదలను కేవలం పుట్టుకలతో వివరించడం కష్టం. పొగమంచు తెరిపి, చూచిన కొండల సంఖ్య, పరిశీలకుల అనుభవం మారితే అంకె మారుతుంది. గణాంకాలు చదివే విద్యార్థి ఇటువంటి పెరుగుదలను చూచి సంతోషించే ముందు గణన పద్ధతిని ఒకసారి చూడాలి. 2015 నాటి అంచనాతో నేటి మొత్తాలను పోల్చి క్షీణతను ప్రకటించడం కూడా అంతే తొందరపాటు.

ఒకే కొండ, రెండు అవసరాలు

వరయాడుకు కావలసినది లేత గడ్డి. చోలా అడవుల మధ్య పరచుకున్న గడ్డిభూములు ముదిరి ఎండినప్పుడు చిన్న చిన్న ఖండాలుగా, చల్లని కాలంలో, అదుపులో నిప్పు పెట్టడం ఇరవికుళం ప్రాంతంలో పూర్వం నుండి ఉన్న పద్ధతి. తేయాకు తోటల యజమానుల వేట సంరక్షణ సంఘం కాలంలో ముతువన్ తెగవారి నైపుణ్యంతో అది సాగింది. కాలిన చోట మొలిచే లేత గడ్డిని వరయాడు మంద వెంటనే గుర్తించి చేరుతుంది. అదే నిప్పు బండ అంచున, చోలా సరిహద్దు చెట్ల మొదళ్ళ మీద ఉన్న లైకెన్‌ను గంటలో చంపివేస్తుంది. అది తిరిగి రావడానికి సంవత్సరాలు కావాలి. ఒక జీవికి ఔషధం, మరొకదానికి మరణం. దీనికి సర్వజనామోదమైన పరిష్కారం లేదు. ఖండాల పరిమాణం చిన్నదిగా ఉంచడం, బండలు ఉన్న వాలులను, చోలా అంచును వదిలివేయడం, ఒకే ఖండాన్ని ఏటేటా కాల్చకపోవడం వంటి జాగ్రత్తలతో నష్టాన్ని పరిమితం చేయవచ్చు. నిప్పును పూర్తిగా నిషేధించమనడం వరయాడు పక్షాన సరికాదు. విచ్చలవిడిగా వదలడం ఎవరి పక్షానా సరికాదు.

చెట్ల విషయంలో పరిస్థితి తలకిందులు. తోలు పరిశ్రమకు కావలసిన టానిన్ కోసం నీలగిరి గడ్డిభూములలో ఆస్ట్రేలియా వాటిల్‌ను, ఇంకా పైన్, యూకలిప్టస్‌లను విస్తారంగా నాటారు. వరయాడుకు అది నివాస నష్టం. బెరడు మీద పెరిగే లైకెన్‌కు చెట్టు ఏదైనా ఒక పీటయే. బెరడు లైకెన్ల సంఖ్యను మాత్రమే కొలిచే సర్వే ఆ మార్పును నష్టంగా గుర్తించకపోవచ్చు, లాభంగా కూడా చూపవచ్చు. బండపై లైకెన్, బెరడుపై లైకెన్, గడ్డిపై వరయాడు అనే మూడింటినీ కలిపి చూచినప్పుడే కొండ స్థితి తెలుస్తుంది. సూచిక జీవి అన్న మాటను విద్యార్థులు ఉదారంగా వాడుతుంటారు. దేనికి సూచిక అన్న ప్రశ్న ముందు రావాలి. లైకెన్లు గాలి కాలుష్యానికి సున్నితమని 1866లో నైలాండర్ పారిస్‌లోని లక్సెంబర్గ్ ఉద్యానవనంలో గమనించిన నాటినుండి తెలుసు. గడ్డి తరిగిపోవడాన్ని అవి చెప్పవు.

సేకరణ, వినియోగం

రాతిపువ్వు సేకరణ కొండ ప్రాంతపు గిరిజనులకు ఆదాయ మార్గం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను వృక్షసంబంధమైనవిగా నిర్వచిస్తుంది. శిలీంధ్రమే ప్రధానమైన లైకెన్ ఆ నిర్వచనంలోకి ఎలా వస్తుందని న్యాయశాస్త్ర విద్యార్థి వాదించవచ్చు. సంతలో మాత్రం అది తేనె, కుంకుడుకాయల పక్కనే అమ్ముడవుతుంది. జాతీయోద్యానాలలో సేకరణకు అనుమతి లేదు. మిగిలిన చోట్ల ఎంత తీయవచ్చునో చెప్పే నియమం ఆచరణలో కనబడదు.

ఆకు రూప లైకెన్లు ఏటా కొన్ని మిల్లీమీటర్ల మేరకు వ్యాసార్థంలో పెరుగుతాయి. ఏటా 3 మిల్లీమీటర్లు అనుకున్నా, 10 సెంటీమీటర్ల వ్యాసం గల తాలస్‌కు 16 సంవత్సరాలు పైబడుతుంది. దానిని బెరడుతో సహా గీకి తీస్తే ఆ చోట మళ్ళీ సోరీడియా పడి మొదటినుండి మొదలుకావాలి. అంచు తమ్మెలను కొంత వదిలి మధ్య భాగాన్ని మాత్రం చేతితో ఊడదీస్తే మిగిలిన అంచు బయటికి పెరుగుతూనే ఉంటుంది. పెరుగుదల అంచుననే జరుగుతుందన్న ఈ చిన్న విషయం సేకరించేవారికి చెప్పదగినది. ఒక చెట్టుకు కొన్ని కొమ్మలను ముట్టకుండా వదలడం, రెండేళ్ళకో మూడేళ్ళకో ప్రాంతం మార్చడం కూడా చేయదగినవి. విస్తరణ సిబ్బంది ఒక పలుచని ప్లాస్టిక్ కాగితంపై తాలస్ అంచును గీసుకొని, ఏటా అదే నెలలో అదే తాలస్‌ను మళ్ళీ గీస్తే ఆ ప్రాంతపు వృద్ధి రేటు మూడేళ్ళలో చేతికి వస్తుంది. పరికరాలు అవసరం లేని ఇటువంటి కొలత ఒక స్నాతకోత్తర విద్యార్థికి సరిపోయే పరిశోధనాంశం. ఎండిన తాలస్‌ను తూచి, కిలో సరకుకు ఎన్ని తాలస్‌లు కావలెనో లెక్కవేస్తే సేకరణ ఒత్తిడి అంకెలలో తెలుస్తుంది.

ఎక్కడ సేకరించారన్నది తినేవారికి కూడా సంబంధించినదే. వేళ్ళు లేని లైకెన్ తన ఖనిజాలను గాలి, వానల నుండి తీసుకుంటుంది, ఆకు రాల్చి వదిలించుకోవడం దానికి లేదు. అందుచేత సీసం వంటి లోహాలు అందులో పేరుకుంటాయి. 1986 చెర్నోబిల్ ప్రమాదం తరువాత స్కాండినేవియాలో లైకెన్ మేసిన రెయిన్‌డీర్ మాంసంలో సీజియం-137 పెరిగి, ఎంతో మాంసం పారవేయవలసి వచ్చింది. రహదారి పక్క చెట్లనుండి, పరిశ్రమల సమీపంనుండి తీసిన రాతిపువ్వును మసాలాలో వాడడం మంచిది కాదు. కొనుగోలు కేంద్రాలు సరకు వచ్చిన ప్రాంతాన్ని సంచిపై వ్రాయించడం మొదటి మెట్టు.

మందల సరిహద్దు

వరయాడు విషయంలో విస్తరణ శాస్త్రవేత్త పని కొండ దిగువన ఉంటుంది. గొర్రెలకు దగ్గరి చుట్టం కావడం పేరులోని విశేషం మాత్రమే కాదు, రోగాల విషయంలో ప్రమాదం కూడా. గొర్రెలు, మేకలలో పారుడు రోగంగా పిలవబడే పి.పి.ఆర్. భారతదేశంలో మొదటిసారి 1987లో తమిళనాడులోని విల్లుపురం ప్రాంతపు అరసూరులో గుర్తించబడింది. 2016 చివరి నుండి మంగోలియాలో ఆ వైరస్ పెంపుడు మందల నుండి సైగా జింకలకు సోకి వేలాదిగా చంపింది. పెంపుడు మందలు మేసే వాలులు, వన్య మందలు దిగివచ్చే వాలులు కలిసే చోట గొర్రెలకు, మేకలకు టీకా వేయించడం రైతు ఆర్థికానికీ, కొండ మీది జంతువుకూ ఒకేసారి ఉపకరించే పని. భారత పశువైద్య పరిశోధనా సంస్థ రూపొందించిన సుంగ్రి 96 టీకా అందుబాటులో ఉన్నది. సాధారణంగా మూడు, నాలుగు నెలల వయస్సు దాటిన పిల్లలకు దీనిని వేస్తారు. కొత్తగా కొన్న జంతువులను కొన్ని వారాలు వేరుగా ఉంచి, రోగలక్షణాలు లేవని తేలిన తరువాతనే కొండ అంచు మేతకు తోలవలెను.